బిషప్పుగారి దగ్గు బిళ్ళలు

కర్ర పని చేసే ఆ షెడ్డులో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆయన బిషప్పుగారే. చేసే పని కుర్చీలకు కాళ్లు బిగించడం, తలుపులకు బందులు వేయడం. బిషప్పు పదవి మాత్రం పాలిష్ పనివాడు దయచేసింది. షెడ్డు మొత్తానికి క్యాథలిక్కు ఈయనొక్కడే కావడంతో టీ వేళకు ఎవరో ఒకరు ఏదో ఒక ప్రశ్న పట్టుకొచ్చేవాళ్లు. మరియమ్మను మీరు దేవతలా కొలుస్తారట కదా? ఫాదర్లు పెళ్లెందుకు చేసుకోరు? జపమాలలో అదే మాట అన్నిసార్లు అంటే దేవుడికి విసుగు రాదా?

బిషప్పుగారు చెవి మీది పెన్సిలు తీసి టీ గ్లాసు పక్కన పెట్టి మొదలెట్టేవాడు. కొలిచేది దేవుణ్ణే, ఆ తల్లిని మా తరఫున ఒక మాట చెప్పమని అడుగుతామంతే, మేస్త్రి దగ్గర సెలవు కావాలంటే నువ్వు ముందు వాళ్లావిడ చుట్టూ తిరగడం లేదూ అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నీ కూతుర్ని రోజుకు ఎన్నిసార్లు బంగారూ అని పిలుస్తావు, ఆ పిల్లకేమన్నా విసుగొచ్చిందా అనేవాడు. ప్రశ్న అడిగినవాడు గ్లాసు కడిగేలోపే జవాబు అయిపోయేది.

మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే జవాబు లేని ప్రశ్న ఉంటుందంటే ఒప్పుకునే రకం కాదు. పట్టని తలుపును చిత్రిక పట్టి చట్రంలో కూర్చోబెట్టినట్టు దేన్నయినా కూర్చోబెట్టేసేవాడు. ఇలాంటివాళ్లను చూస్తే నాకు సగం ముచ్చట, సగం ఒళ్లుమంట.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన ప్రశ్న పాపసంకీర్తనం గురించి. తప్పు చేస్తే నేరుగా దేవుడికే చెప్పుకోవచ్చు కదా, మధ్యలో ఇంకో మనిషికి చెప్పడమేమిటని అడిగేవాళ్లు. చెప్పేది దేవుడికే, ఫాదరు ఆయన తరఫున కూర్చుంటాడు, మన తప్పు మన నోటితో బయటికి అంటే తప్ప మన చెవికే వినబడదు అనేవాడు. మరి ఫాదరు ఊరంతా చెప్పేస్తేనో అంటే మాత్రం వెన్ను నిటారుగా పెట్టేవాడు. ఫాదరు చెవిలో పడిందంటే బావిలో పడ్డ రాయే, ఆయన ప్రాణం పోయినా పైకి రాదు అనేవాడు.

ఒకరోజు పాలిష్ పనివాడు జ్ఞానస్నానం సంగతి ఎత్తాడు. అది జరక్కుండానే పోయిన పసిపిల్లలు ఎక్కడికి వెళ్తారని అడిగాడు. వాళ్లను దేవుడి దయకు అప్పగిస్తాం, పసివాళ్లను దగ్గరకు రానివ్వమన్నవాడు తలుపేసుకుని కూర్చుంటాడా అని బిషప్పుగారు టీ ఊదుకుంటూ చెప్పాడు. మర్చిపోయి వచ్చిన అన్నం డబ్బా ఇవ్వడానికి ఆయన భార్య అప్పుడే వచ్చి వెనకాల నిలబడి ఉంది. ఆయన డబ్బా అందుకుని కూరేంటని అడిగాడు. అలాంటి బిడ్డ ఒకతె ఆ ఇద్దరికీ ఉండేదని పాలిష్ పనివాడికి తెలియదు పాపం.

భార్య పని యూనిఫారాలు కుట్టే చోట, చొక్కాలకు కాలర్లు వేయడం. ఎక్కువ మాట్లాడదు. బిడ్డ పోయి చాలా ఏళ్లయింది. తర్వాత పిల్లలు కలగలేదు. అప్పట్లో ఆయన ఏడ్చి ఆమె చేతులు పట్టుకుంటే, పోనీలెండి, మన్నించాను అంది. ఆయన ఆ మాటను నమ్మి గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకున్నాడు. ఆమె గురించి ఆయనకున్న చింతల్లా ఒక్కటే, దగ్గు. ఆదివారం పూజలో పరలోక జపం చెప్పుకుంటూ సరిగ్గా మధ్యకు వచ్చేసరికి ఆమెకు దగ్గు తెర వచ్చేది. గుళ్లో దుమ్ముకు పడటం లేదని ఆయన తీర్మానించాడు. అప్పటినుంచీ ఆదివారం చొక్కా జేబులో దగ్గు బిళ్ళలు ఉండాల్సిందే. జపం కాగానే ఒకటి ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె చప్పరించేది.

గుళ్లో పాపసంకీర్తన పెట్టెకు రిపేరు వచ్చింది. మధ్యలో తలుపున్న అర ఫాదరుది. పక్క అరకు తెర, మోకరించడానికి చెక్క, మాట వినబడటానికి నడుమ జాలీ. ఫాదరు కూర్చునే పలక ఊగిపోతోంది, తలుపు గడియ పట్టడం లేదు. షెడ్డుకు భోజనం వేళ ఇచ్చినప్పుడు వెళ్లి పలక బిగించాడు బిషప్పుగారు. గడియ పని శనివారానికి మిగిలింది. ఆ శనివారం ఫాదరు ఎక్కడో సమాధి చేయించడానికి వెళ్లాడు. ఇవాళ పాపసంకీర్తనాలు లేవని గుడి ముందు తలుపు మీద కాగితం అంటించి ఉంది.

బిషప్పుగారు కొత్త గడియ వేసి, లోపల కూర్చుని, సందు ఎంత ఉందో చూద్దామని తలుపు మూసుకున్నాడు. గడియ టక్కున పడింది. లోపలి పిడి ఇంకా బిగించనే లేదు. పనివాళ్లకు అలవాటే కదా, స్క్రూలన్నీ నోట్లో పట్టుకుని ఉన్నాడు. గుడి పక్క తలుపు నుంచి ఎవరో వచ్చారు. పక్క తలుపు మీద కాగితం లేదు. తెర కదిలింది, మోకాళ్ల కింద చెక్క కిర్రుమంది.

"ఫాదర్, నన్ను ఆశీర్వదించండి. పాపం చేశాను."

నోట్లో స్క్రూలతో మనిషి ఎలా మాట్లాడతాడు? గబగబా అరచేతిలోకి ఉమ్మాడు. ఆలోపల రెండో మాట కూడా వచ్చేసింది. గొంతు భార్యది.

"నా భర్తను మన్నించలేకపోతున్నాను ఫాదర్. మన్నించానని ఆయనకు ఎప్పుడో చెప్పాను. అది అబద్ధం. బిడ్డకు జ్ఞానస్నానం వాళ్ల అన్నయ్య ఊరినుంచి వచ్చాకే అని పట్టుబట్టాడు. ఒళ్లు కాలిపోతోంది, ఇప్పుడే ఫాదర్‌ని పిలుద్దామంటే రేపన్నాడు. పిల్ల రేపటిదాకా లేదు. ఆపదలో ఎవరైనా నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వొచ్చని తర్వాతెప్పుడో ఆయనే ఎవరికో చెప్తుంటే విన్నాను. ఆయనకు అప్పుడే తెలుసు ఫాదర్. నాకు చెప్పలేదు. నేనైనా పోసేదాన్ని కదా."

చెక్క మీద మోకాళ్లు సర్దుకున్న చప్పుడైంది.

"మంచివాడే. తాగడు, తిట్టడు. అందుకే ఎవరితోనూ చెప్పుకోలేను. టీ తాగుతూ దేవుడి దయ అని అందరికీ చెప్తుంటాడు. పరలోక జపంలో 'మా యొద్ద అప్పుబడినవారిని మేము మన్నించునట్లు' అన్న మాట దగ్గర నాకు నోరు పెగలదు. దేవుడి ముందు అబద్ధం ఆడలేక దగ్గుతాను. ఆయన బిళ్ళ ఇస్తాడు. నాకు మన్నింపు ఉందా ఫాదర్?"

మాట్లాడితే తెలిసిపోతుంది. పాపవిమోచన చెబుదామంటే ఆ అధికారం ఆయనకు లేదు, అంతకు మించిన దొంగతనం ఇంకోటి లేదని ఆయనే టీ దగ్గర ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. దగ్గి ఊరుకుందామా అంటే, దగ్గు అన్న మాటే ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది. పిడికిట్లో స్క్రూల మొనలు గుచ్చుకుంటున్నాయి. ఊరందరికీ జవాబులు చెప్పే మనిషి మూసిన తలుపు వెనక కట్టెలా కూర్చున్నాడు.

ఆమె జవాబు కోసం చూసింది. ఫాదర్ అని ఇంకోసారి పిలిచింది.

"అర్థమైంది," అని లేచి వెళ్లిపోయింది.

గడియ విప్పి బయట పడేసరికి ఆమె తిరిగి పనిలోకి వెళ్లిపోయి ఉంటుంది. తను వేసిన గడియే తనకు రాకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు పూజలో ఆయన చెవి ఆమె మీదే ఉంది. జపం మధ్యకు వచ్చింది. ఆమె దగ్గింది. జేబులోకి చెయ్యి పోయింది కానీ బిళ్ళ తీయడానికి వేళ్లు రాలేదు. తీయకపోతే ఎందుకు తీయలేదంటుంది. తీశాడు. ఆమె తీసుకుంది. ఆ తర్వాత ఫాదరు చేతి అప్పం, సత్ప్రసాదం, అందుకోవడానికి వరస కట్టినప్పుడు ఆమె కూర్చున్నచోటే ఉండిపోయింది. పెళ్లయిన నాటినుంచీ ఆమె సత్ప్రసాదం తీసుకోని ఆదివారం ఆయన ఎరగడు. ఏమైందని అడిగితే కాళ్లు లాగుతున్నాయంది. తర్వాతి ఆదివారమూ అంతే. ఫాదరు నోరు విప్పలేదంటే తన పాపానికి మన్నింపు లేదని, ఇక సత్ప్రసాదం ముట్టరాదని ఆమె ఖాయం చేసుకుంది. ఆమెను దేవుడి గుమ్మం బయట నిలబెట్టింది తన మౌనమేనని ఈయనకు తెలుసు. చెప్పే దారి మాత్రం లేదు.

ఇంట్లో గిన్నెలు తోమాడు. నీళ్లు పట్టాడు. ఒంట్లో బాగాలేదా అని ఆమె నుదురు తాకి చూసింది. బిడ్డ విషయం ఎత్తి క్షమాపణ అడుగుదామనుకుంటే, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకన్న ప్రశ్న వస్తుంది. మామూలుగా ఉందామంటే మామూలుగా ఉండటమే ఆమెకు ముల్లయిందని తెలిసిపోయింది. ఉన్నవి రెండు గదులు. ఏ గదిలోకి వెళ్లినా ఆయనకు ఊపిరాడటం లేదు. షెడ్డులో పాలిష్ పనివాడు, మీకు చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన ఎందుకని అడిగితే, నాకు తెలియదన్నాడు. రంపం పట్టినవాడు రంపం ఆపేశాడు. బిషప్పుగారు రాజీనామా ఇచ్చారని షెడ్డంతా నవ్వుకుంది. ఆయన నవ్వలేదు.

ఉండబట్టలేక ఒక సాయంత్రం అదే పెట్టె దగ్గర, ఈసారి తెర వైపు, మోకరించాడు. ఫలానా శనివారం లోపల పని చేస్తూ ఉండిపోయానని, ఎవరో వచ్చి చెప్పుకున్నారని, విన్నానని చెప్పాడు. ఎవరన్నది చెప్పలేదు. ముసలి ఫాదరు అడగలేదు. విన్న మాట బయటికి రాకూడదు, మాకు ఎంత కట్టుబాటో పొరపాటున విన్నవాడికీ అంతే అన్నాడు.

"ఆ మనిషికే చెప్పొచ్చా ఫాదర్, లోపలున్నది నేనని?"

"ఆ మనిషి పాపం గురించి నువ్వు నోరెత్తకూడదు. నీ తప్పు నువ్వు ఒప్పుకోవచ్చు. అయితే అది నీ బరువు దించుకోవడానికా, వాళ్ల బరువు దించడానికా అన్నది ముందు చూసుకో నాయనా."

ఈయన ఒప్పుకుంటే, ఆ శనివారం పెట్టెలో ఫాదరు లేడని వచ్చే ఆదివారం పూజలో తానే ప్రకటిస్తానని కూడా ఫాదరు చెప్పాడు. తలుపు వేసి ఉందనుకుని వెనక్కి పోయిన మనిషికి, లోపల ఇంటివాడు లేడని తెలియాలి కదా అన్నాడు. అది న్యాయమే. కానీ ఆ మాట ప్రకటించిన క్షణాన భార్యకు అంతా తెలిసిపోతుంది. ఆ పెట్టెకు గడియ వేసింది ఎవరో ఆమె ఎరుగును. నలుగురి మధ్య, తన పక్కనే కూర్చుని, తెలుసుకుంటుంది. వద్దు ఫాదర్ అని బతిమాలబోయి, ఆగి, సరేనన్నాడు. తనే చెప్పాలి, ఆదివారం రాకముందే చెప్పాలి.

శనివారం మధ్యాహ్నం ఆమె పని నుంచి వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, తప్పుగా పడ్డ ఒక కాలరు కుట్లు విప్పుతోంది. ఆయన ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. ఎన్నో మాటలు కూర్చుకొచ్చాడు. ఒక్కటీ మిగల్లేదు.

"ఆ రోజు పెట్టెలో ఉన్నది ఫాదరు కాదు. గడియ బిగిస్తూ నేనున్నాను."

ఆమె ఇంకో రెండు కుట్లు విప్పింది. తర్వాత బ్లేడు పక్కన పెట్టింది.

"ఫాదరు కాదా?"

"కాదు. ఊళ్లో లేడు."

"అయితే మాట్లాడకుండా ఊరుకుంది ఆయన కాదన్నమాట." ఆమె కళ్లు మూసుకుంది. ఆ ముఖం అంత తేలికపడటం ఆయన ఎన్నేళ్లుగానో చూడలేదు. ఒక్క క్షణం ఆయనకూ ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఆమె కళ్లు తెరిచింది.

"అంతా విన్నారా?"

తలూపాడు. బిడ్డ గురించి తను చేసింది తప్పేనని, జవాబులతో దాన్ని కప్పిపెట్టానని మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అడక్కండి. అడిగితే మన్నించానని చెప్పాల్సి వస్తుంది. ఒకసారి చెప్పి చూశాను."

కాలరు ఒళ్లో పెట్టుకుని విప్పిన దారప్పోగులు ఏరుతోంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే ఆయన తట్టుకునేవాడే.

"ఇంట్లో మీరుంటారు. గుళ్లో నా పక్కన మీరుంటారు. మీరు లేని చోటు నాకు అదొక్కటే ఉండేది," అంది. "అక్కడా మీరే కూర్చున్నారు."

ఆయన లేచి పీట గోడ వారకు జరిపాడు.

సాయంత్రం ఆమె చీర మార్చుకుని చెప్పులు వేసుకుంది. ఫాదరు కూర్చునే వేళ అది. ఆయన వెనకాలే నడిచాడు. రమ్మనలేదు, వద్దనలేదు. గుడి మెట్ల దాకా వచ్చి ఆగాడు. ఆమె లోపలికి వెళ్తుంటే, ఆయన రోడ్డు దాటి అవతల సైకిళ్లు బాగుచేసే కొట్టు ముందు, గుడి తలుపుల్లోంచి సూటిగా కనబడేచోట నిలబడ్డాడు. జేబులో బిళ్ళల పొట్లం చేతికి తగిలింది. అలాగే ఉండనిచ్చాడు.

ఆమె పెట్టె దగ్గరకు వెళ్లింది. మధ్య తలుపు మూసే ఉంది. తెర మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్లకుండా వెనక్కి తిరిగింది. గుడంతా కలియజూసి, తెరిచిన తలుపుల్లోంచి రోడ్డు వైపు చూసింది. ఆయన చెయ్యి పైకెత్తాడు. ఆయన అక్కడే ఉన్నాడని చూసుకున్నాక ఆమె తెర తీసుకుని లోపలికి వెళ్లింది.