ఐసు పెట్టెతో ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు

డీఎన్ఏ చదివే యంత్రం అనగానే గది నిండా సామాను ఊహించుకుంటారు. మా జిల్లా డిగ్రీ కాలేజీలకు వంతులవారీగా వచ్చింది అరచేతిలో ఇమిడిపోతుంది. కానీ అందులో పెట్టే చిప్పు మహా పెంకిది, గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. నేను ప్రొద్దుటూరులో జువాలజీ చెబుతాను. యంత్రం పులివెందుల కాలేజీలో ఉంది, చిప్పు మా ఫ్రిజ్‌లో ఉంది, ఆ ఏడాదికి మిగిలింది అదొక్కటే. నమూనా ఏమో జమ్మలమడుగు కాలేజీలో రేణుక దగ్గర. కొండాపురం వైపు గొర్రెలు కాసే ఇంటి పిల్ల, డిగ్రీ చివరి ఏడు. వాళ్ల మందలో గొర్రెపిల్లలు దగ్గి దగ్గి చచ్చిపోతుంటే, అది ఏ క్రిమి పనో తేల్చాలని ప్రాజెక్టు పెట్టుకుంది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చడానికే నా ప్రయాణం.

పొద్దున ఏడింటికి థర్మాకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. ముప్పావు గంట దారి. నేను దాన్ని పట్టుకున్న తీరు చూసి పక్కావిడ కాస్త దూరం జరిగింది. ఎన్నికల రోజులాయె, ఈ సీమలో పెట్టెను మరీ భద్రంగా పట్టుకుంటే జనానికి వేరే ఆలోచనలొస్తాయి. లోపల ఐసేనమ్మా అన్నాక గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు రెండున్నర వేలకు కారు మాట్లాడాను. బస్సయితే చాలా చౌకే, కానీ మధ్యలో మారాలి, ఎండలో ఆ పెట్టెతో నిలబడే ధైర్యం నాకు లేదు. జబ్బుపడ్డ గొర్రెపిల్లల నుంచి తీసిన నమూనాతో రేణుక ఎక్కింది. డ్రైవరు ఓబులేసు యాభై దాటినవాడు, దారిలోని పల్లెవాడే. సరిగ్గా అతని ఊళ్లోనే ఆగిపోయాం. ముందు రోజు రెండు పార్టీల ఊరేగింపులు ఎదురుపడి రాళ్లు రువ్వుకున్నాయట, పోలీసులు దారి ఆపేసి కొట్లన్నీ మూయించారు. గంటన్నర గడిచింది. పెట్టె తెరిచి చూస్తే ఐసంతా నీళ్లు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఊళ్లో ఐసు దొరికేది ఒక్క కూల్‌డ్రింకుల కొట్టులోనేనని, యజమాని ఇల్లు దాని వెనకేనని చెప్పాడు ఓబులేసు, తను మాత్రం కారు దిగలేదు. నేనే వెళ్లి తలుపు కొట్టాను. గడియ తీయలేదు. గొడవ రోజున ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఎవరు తీస్తారు? నువ్వొచ్చి పిలవవయ్యా అంటే తల వంచుకున్నాడు.

"ఆ వాకిలి తొక్కి పదైదేండ్లయింది మేడం. పార్టీ గొడవల్లో మాయన్న పోయినాడు, ఆయప్ప కొడుకూ పోయినాడు. ఆ యింట్లో నీళ్లు గూడా ముట్టం."

రేణుక మెల్లగా అంది. "అప్పా, ఇది పాడైతే మళ్లీ వచ్చే యేడే. అంతలోపల మా మంద మిగల్దు."

అతను కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత దిగి వెళ్లి ఆ వాకిట్లో నిలబడ్డాడు.

"మామా, నేను, ఓబులేసును."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. తీసింది కొట్టు యజమాని, ముసలాయన. నేను సంగతి చెబితే విని, గడ్డకట్టిన నీళ్ల సీసాలు నాలుగు తెచ్చి రేణుక చేతికిచ్చాడు. డబ్బిస్తే తీసుకోలేదు. మళ్లీ లోపలికి పోయి చెంబుతో వచ్చి ఓబులేసు ముందు నిలబడి, "ఎండన బడి వచ్చినావు, తాగు" అన్నాడు. ఓబులేసు రెండు చేతులా అందుకుని గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవడమెందుకు.

మధ్యాహ్నం దారి వదిలారు. పులివెందులలో చిప్పును యంత్రంలో పెట్టి, అది పనిచేస్తుందో లేదో కంప్యూటరు చెప్పేదాకా అక్కడి కాలేజీ పిల్లలెవరూ కదల్లేదు. పనిచేసింది. సాయంత్రానికి క్రిమి పేరు తేలింది. పశువుల డాక్టరుకు ఫోనులో ఆ పేరు చెబుతూ రేణుక ఏడ్చేసింది.

మా పల్లెల పిల్లలకు ఇంత పెద్ద చదువు ఎందుకని అడిగేవాళ్లకు ఇకమీదట నేను వాదన పెట్టుకోను, రేణుకను చూపిస్తాను. ఆమె చదువు అక్కడిదాకా చేరడానికి మాత్రం మా తెలివి చాల్లేదు, ఓబులేసు వెళ్లి పిలవాల్సి వచ్చింది. మీరూ ఇలాంటి సామానుతో బయల్దేరితే విడి ఐసు వద్దు. గడ్డకట్టిన నీళ్ల సీసాలను తువ్వాలులో చుట్టి పెట్టుకోండి, చిప్పు గడ్డకట్టదు, చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. మా నాలుగు సీసాలూ పారేయబోతే ఓబులేసు పారేయనివ్వలేదు. తిరిగి పోయేటప్పుడు మామకు ఇచ్చేసి పోతానని తన సీటు పక్కన పెట్టుకున్నాడు.