పక్కింటామెకు అపాయింట్‌మెంటు

తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినా రెండు భాషలు గడగడా వచ్చు కాబట్టి ఆ అమ్మాయికి ఆసుపత్రిలో దుబాసీ పని దొరికింది. మనసు బాగాలేనివాళ్ళకూ కౌన్సిలరమ్మకూ మధ్య కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. నోట్లో నాలుక లేని పిల్లకు అదేమీ కష్టం కాలేదు, దర్జీ పనిచేసే ఆవిడ వచ్చేదాకా.

ఆవిడ రెండుసార్లు వచ్చి, తనకేం, బాగానే ఉన్నానంటూ సంచి పిడి మెలిపెడుతూ కూర్చుంది. కళ్ళు మాత్రం నిద్రలేక గుంటలు పడ్డాయి. మూడోసారీ నోరు విప్పకపోతే ఫైలు మూసేస్తారు. మళ్ళీ వంతు రావాలంటే ఏడాది.

మూడోసారి కూడా కౌన్సిలరమ్మ, మీ మనసులో ఏముందో చెప్పండి అనే అడిగింది. దర్జీ ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

"నా సంగతికేంలే గానీ, మా పక్కింటామె ఉంది చూడు, దానిదీ ఒక బతుకేనా అమ్మా. కూతురు పోయి ఏడాదైంది. ఇంకా రోజూ రెండు కంచాలు పెడుతుంది, పిచ్చి మొహంది."

అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. అయ్యో పాపం, ఆమెను తప్పకుండా పంపండి, కొత్త ఫైలు తెరుస్తానంటూ కౌన్సిలరమ్మ కాగితం తీసింది. దర్జీ ఆవిడ ముఖం పాలిపోయింది.

అమ్మాయికి ఆవిడ ఇల్లు తెలుసు. కిందటి వారం ఆవిడ అపాయింట్‌మెంటు చీటీ ఇవ్వడానికి అక్కడికి తనే వెళ్ళింది. మేడ మీద చివరి గది. ఒక పక్క మెట్లు, ఇంకో పక్క తాళం వేసిన సామాన్ల గది. పక్కిల్లన్నదే లేదు. ఆ సంగతి బయటపెడితే ఆవిడ ఇక ఈ గడప తొక్కదు. ఊరుకుంటే ఫైలు మూతపడుతుంది.

చివరికి నేలచూపులు చూస్తూ గొణిగింది. "ఆమె ఇల్లు కదలదు మేడం. అడగాల్సిందేదో ఈవిడనే అడగండి. మావాళ్ళలో ఒకరి మాట ఇంకొకరు చెప్పడం మామూలే."

కౌన్సిలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అర్థమైందో లేదో తెలియదు. కాగితం పక్కన పెట్టి, ఆ రెండో కంచంలో అన్నం తర్వాత ఏం చేస్తుందట అని మాత్రం అడిగింది. దర్జీ ఆవిడ ముప్పావుగంట ఆగకుండా మాట్లాడింది.

వెళ్తూ గుమ్మం దగ్గర అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"వచ్చేవారం ఏమడుగుతారో ముందే చెప్పు పిల్లా. మా పక్కింటిదాన్ని అడిగి వస్తాను."

అమ్మాయి సరేనని తలూపింది. పాత ఫైలు మూయకుండా ఉంచమని కౌన్సిలరమ్మ చెప్పింది. వచ్చేవారానికి చీటీ రాయబోతూ అమ్మాయి ఆగిపోయింది. తను చెప్పకూడనిది చెప్పిందా, చెప్పాల్సింది దాచిందా, ఎంతకీ తేలలేదు.