బాస్కెట్‌బాల్ కోర్టులో అలివి వల వంతు

నా మనవరాలి ఆట నేను మొదటిసారి చూసింది దాని డిగ్రీ రెండో ఏడాదిలో. అంతవరకూ బాస్కెట్‌బాల్ అంటే బూట్లు అరగదీసే ఆట అనే నాకు తెలుసు. ఆ బూట్ల అడుగులు రెండుసార్లు నేనే దబ్బనంతో కుట్టాను. మూడోసారి కుట్టమని తెచ్చేసరికి, అంతగా ఏం ఆడుతోందో చూద్దామనిపించింది. పూర్ణా మార్కెట్‌లో నా ఎండుచేపల గంప పక్కనామెకు అప్పజెప్పి, సిటీ బస్సెక్కి ద్వారకా నగర్‌లో దిగి, అక్కణ్ణుంచి నడిచాను. ఆటో దండగ.

ఊళ్లో కాలేజీల ఆడపిల్లలకు ఏటా జరిగే పోటీ అది. పన్నెండు జట్లు. నాలుగు పెద్ద కాలేజీలు నేరుగా అసలు పోటీలో ఉంటాయి. మిగతా ఎనిమిది చిన్న కాలేజీలు పొద్దున్నే ఒకదానితో ఒకటి తలపడాలి. దాన్ని ప్లే-ఇన్ రౌండ్ అంటారు. ఓడిన నాలుగూ ఇంటికి. గెలిచిన నాలుగూ అదే రోజు మధ్యాహ్నం పెద్ద కాలేజీలతో ఆడాలి.

పొద్దున మావాళ్లు గెలిచారు. వాళ్లు ఎండలో ఆడుతున్నంతసేపూ పెద్ద కాలేజీ పిల్లలు షామియానా కింద అరటిపళ్లు తింటూ చూశారు. ఎవరిది ఎడమచేతి వాటం, ఎవరు తొందరగా అలిసిపోతున్నారు అని వాళ్ల మాస్టారు వేలు పెట్టి మరీ చూపించాడు. మధ్యాహ్నం ఆట సగంలో నా మనవరాలికి పిక్కలు పట్టేసి కోర్టు మధ్యలో కూలబడింది. నేను ఊరుకోలేక లోపలికి పోయి కాళ్లు రుద్దడం మొదలుపెట్టాను. రిఫరీ ఈల ఊది బయటకు పొమ్మన్నాడు.

"నీ ఈల నువ్వు ఊదుకో బాబూ. ఈ గుంట నా మనవరాలు, దీని కాళ్లు నాను సూసుకుంటాను" అన్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్లు కోర్టులోకి దిగితే తప్పట. మా జట్టు మీద తప్పు వేసి ఎదుటివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. మావాళ్లు చిత్తుగా ఓడారు. బయట గోడకు ఆనుకుని కూర్చుని మనవరాలు ఒకే మాట అంది: "ఒక్కసారి కాళ్లు నొప్పి లేకుండా వోళ్లతో ఆడాలి మామ్మా. ఒక్కసారి." దానికి ఇంకొక్క ఏడాదే ఉంది.

నేరుగా పంపడానికి ఆ నాలుగు కాలేజీలు కిందటేడు అంత గొప్పగా ఆడాయా అని మనవరాలి కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారును అడిగాను. అదేం లేదట. మొదట్నుంచీ అంతేనట. ఎందుకంటే, పెద్ద కాలేజీలు కదమ్మా అన్నాడు.

మా పేట ఒడ్డున అలివి వల లాగుతారు. పడవ వలను నీళ్లలో చంద్రవంకలా పరిచి వస్తే, జనం రెండు వైపులా తాళ్లు పట్టి ఒడ్డుకు లాగుతారు. తెల్లారి వేసే మొదటి వలకే చేప బాగా పడుతుంది. అందుకని తగువు లేకుండా వంతులు పెట్టుకున్నారు. సీజను మొదట్లో వలకొక గుర్తు గీసిన గవ్వను కుండలో వేసి తీస్తారు. ఆ వరసలోనే దిగాలి. ఇవాళ మొదట దిగిన వల రేపు ఆఖరికి పోతుంది. నాలుగు పడవలున్నవాడైనా అంతే, అరువు వలతో వచ్చినవాడైనా అంతే. పడవ పెద్దది కాబట్టి రోజూ మొదటి వంతు నాదే అన్నవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇదే మాట పోటీలు నడిపే కార్యదర్శికి వెళ్లి చెప్పాను. ఆయన ఒక పెద్ద కాలేజీలో పనిచేస్తాడు. మజ్జిగ ఇచ్చాడు గాని మాట ఇవ్వలేదు. చేపల వేటకీ ఈ ఆటకీ పోలికేమిటన్నాడు. ఈ పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉందన్నాడు.

"శానా ఏళ్లుంటే కుళ్లిన సేప తాజాదైపోద్దేటి?" అన్నాను.

ఇంటికొచ్చేసరికి ఈ సంగతి నాకంటే ముందే చేరింది. పరువు తీసేత్తన్నావని, జట్టులోంచి తనను తీసేస్తారని మనవరాలు ఏడ్చింది. తీసేస్తే వచ్చి చేపలు ఆరబెట్టమన్నాను. మూడు రోజులు తన కూడు తనే వడ్డించుకు తింది. నేనూ బతిమాలలేదు.

పూర్ణా మార్కెట్ వెనక సందులో గాజుల కొట్టు నడిపే ఒక ముస్లిం ఆవిడ నాకు పాత స్నేహం. ఆమె కూతురు ఇంకో చిన్న కాలేజీలో ఇదే ఆట ఆడుతుంది, మొన్నటి పోటీలో పొద్దున్నే ఓడి ఇంటికి వచ్చిన జట్టు. మేమిద్దరం కలిసి మధ్యాహ్నాలు కొట్టూ గంపా వదిలి ఎనిమిది కాలేజీలూ తిరిగాం. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆమె రాసింది. అడిగినవి రెండే. పన్నెండు జట్లకూ చీటీలు వేసి నేరుగా వెళ్లే నాలుగింటిని తీయాలి, ఈ ఏడు నేరుగా వెళ్లినవి వచ్చే ఏడు ప్లే-ఇన్ ఆడాలి. ప్లే-ఇన్‌కీ అసలు పోటీకీ నడుమ ఒక రాత్రి నిద్ర ఉండాలి. తల్లులు సంతకాలు పెట్టారు. రాయడం రానివాళ్లు వేలిముద్ర వేశారు.

మరుసటి ఏడు పోటీలకు నెల ముందు కార్యదర్శి అందర్నీ పిలిచాడు. పీడీ సార్లు మా క్యాలెండరు కాగితాలు ఒకరి చేతిలోంచి ఒకరికి దాటించారు. రూలు మార్చడం కుదరదని కార్యదర్శి లేవబోయాడు. అప్పుడు నేను లేచాను.

"మా ఒడ్డున తాడు లాగీవోళ్లు రాకపోతే వల నీళ్లలోనే ఉండిపోద్ది బాబూ. ఈ ఎనిమిది కాలేజీలూ రావు. మీ నాలుగూ మీలో మీరే ఆడుకోండి."

"సామియానా కూడా సిన్నది సాలు, కర్సు కలిసొస్తాది" అని గాజులామె అందించింది.

వెనక వరసలో జట్ల కెప్టెన్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అందరికంటే ఆఖర్న లేచింది నా మనవరాలు. నా వైపు మాత్రం చూడలేదు.

ఒక్క ఏడాది చూద్దామని కార్యదర్శి ఒప్పుకున్నాడు. డబ్బాలోంచి చీటీలు కెప్టెన్లే తీశారు. గాజులామె కూతురి జట్టుకు నేరుగా చోటు వచ్చింది. నా మనవరాలు తీసిన చీటీ ప్లే-ఇన్. ఎదుటి జట్టు, అంతకుముందెప్పుడూ ఆ రౌండ్ ఆడని ఒక పెద్ద కాలేజీ.

"నీ వంతులే మమ్మల్ని ముంచేసాయి" అంది బస్సులో.

"డబ్బాలో సీటీకి మొకాలు తెల్దు" అన్నాను.

ఆ ఆటలో ఎవరూ కూలబడలేదు. రెండు జట్లూ చివరి నిమిషం దాకా పరిగెత్తాయి. మావాళ్లు మూడు పాయింట్లతో ఓడారు. అసలు పోటీలో అడుగు పెట్టకుండానే నా మనవరాలి కాలేజీ ఆట అయిపోయింది.

చెమటైనా ఆరకముందే కార్యదర్శి ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. పాత పద్ధతే మేలని పెద్ద కాలేజీలు రాశాయట. ఓడిపోయిన చిన్న కాలేజీ కెప్టెన్ సంతకం కూడా ఉంటే బాగుంటుందన్నాడు. పాత పద్ధతిలోనైతే మీకు చిన్న జట్టే ఎదురయ్యేది, ఇంత ఆట ఆడినవాళ్లు తప్పకుండా లోపలికి వెళ్లేవారు అన్నాడు. అది నిజమే. నాకూ తెలుసు. కానీ ఆడింది నా మనవరాలు, పోగొట్టుకుందీ అదే. మాట దానిదే.

అది కాగితం రెండుసార్లు చదివింది.

"మా కాళ్లూ బాగున్నాయి, వోళ్ల కాళ్లూ బాగున్నాయి సార్. మూడు పాయింట్లు తక్కువ ఆడాం, అంతే. నాను పెట్టను."

పెద్దవారు మీరైనా చెప్పండని ఆయన నా వైపు తిరిగాడు.

"సంతకం దానిది బాబూ. నా సేతికిచ్చుంటే ఆ కాయితం ఈపాటికి ఎండుసేపల పొట్లమైపోను" అన్నాను.

ఆయన వెళ్లాక మనవరాలు తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేను ఆపలేదు. దాని బూట్లు విప్పి, మట్టి దులిపి సంచిలో పెట్టాను. ఏడుపు అయ్యాక, బుట్ట కిందికి పోయి కూడా రెండు బంతులు ఎందుకు పారేశావని అడిగాను. ఎడమచెయ్యి సరిగా రాదంది. మూడేళ్లు ఆడి ఎడమచెయ్యి నేర్చుకోకపోతే ఎవరి తప్పన్నాను. అప్పుడు కాస్త నవ్వింది.

"రేపు పెందలాడే లెగు" అన్నాను. "గాజులామె కూతురు ఆడతాది. ఆళ్ల పక్కన అరవడానికి మనుసులు తక్కువున్నారు."