నెమ్మది మాస్టారు బాకీపడ్డ పాఠాలు

ఆయన బోర్డు మీద ‘కారు నేర్పబడును’ అని మాత్రమే ఉండేది, పేరు లేదు. పక్క సీట్లో కూర్చుని పొద్దస్తమానం ‘నెమ్మది, నెమ్మది’ అంటుంటారు కాబట్టి జనమే ఆయనకి నెమ్మది మాస్టారని పేరు పెట్టేశారు. ఆయన దగ్గర చేరితే లైసెన్సు చేతికొచ్చేసరికి మనవలు పుడతారని నవ్వుకునేవారు. అలా నవ్వుకుంటూనే పిల్లల్ని ఆయన దగ్గరికే పంపేవారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు భయంతో స్టీరింగు బిగించి పట్టుకుంటే, “అది నీకేం బాకీ పడిందమ్మా, అలా పీక నొక్కుతున్నావు?” అనేవారు మాస్టారు. దాంతో ఎంతటి భయస్తులైనా ఫక్కున నవ్వి చేతులు వదులు చేసేవారు.

టైర్ల కొట్టు పైన రెండు గదుల్లో కాపురం. ముందుగదే ఆఫీసు. అందులో ఒక బల్ల, ఒక బెంచీ, గోడకి రోడ్డు గుర్తుల అట్ట. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు. బజారులో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తూ, సాయంత్రాలు తండ్రి లెక్కలు కూడా తనే రాసేది.

ఆ లెక్కలో పెద్ద తలనొప్పేమీ లేదు. డబ్బు చేతికొస్తే రాబడి, పోతే ఖర్చు, మిగిలింది లాభం. ఆడిటర్లు దాన్ని నగదు పద్ధతి అంటారు. ఒకే కారున్న స్కూలుకి అంతకన్నా ఎందుకని కూతురూ ఊరుకుంది.

ఆ ఏడు మాస్టారు కొత్తగా ఒక ఏర్పాటు పెట్టారు. ఇరవై పాఠాల ఫీజు ఒకేసారి కడితే నాలుగోవంతు తగ్గింపు. జనం ఎగబడ్డారు. ఎన్నడూ లేనంత డబ్బు వచ్చింది.

“ఇంకో కారు కొందామమ్మా. ఎవరైనా కుర్రాణ్ణి పనికి పెట్టుకుందాం” అన్నారు మాస్టారు ఒకరోజు అన్నం తింటూ.

అప్పు కోసం బ్యాంకుకి వెళితే అక్కడి ఆఫీసరు నగదు లెక్క చెల్లదన్నాడు. అక్రూవల్ పద్ధతిలో రాసి తెమ్మన్నాడు.

“అదేంటే?” అని అడిగారు మాస్టారు.

“డబ్బు వచ్చిన రోజు కాదు నాన్నా, పాఠం చెప్పిన రోజు రాబడి రాయాలి. ఇరవై పాఠాలకి తీసుకుని ఐదు చెప్పావనుకో, ఆ ఐదింటి డబ్బే నీది. మిగతాది నీ పెట్టెలో ఉన్నా నీది కాదు. నువ్వు వాళ్ళకి పాఠాలు బాకీ.”

“నా పెట్టెలో ఉన్నది నాది కాదంటావు!”

“అంటాను.”

“బాగుంది. మీ ఆడిటరు అన్నం అరిగాకగానీ తిన్నట్టు రాసుకోడు కాబోలు!”

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అంతగా నవ్వుకోవడం అదే ఆఖరు.

ఆదివారం పొద్దున్నే కూతురు విద్యార్థుల హాజరు కార్డులన్నీ ముందేసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఆమె మొహం మారిపోయింది. ఫీజులు రెట్టింపయ్యాయి, చెప్పిన పాఠాలు సగానికి పడిపోయాయి. నగదు లెక్కలో అంతకన్నా మంచి ఏడాది లేదు. ఈ లెక్కలో అంతా నష్టమే. సాయంత్రం పాఠాలు నెలల తరబడి ఒక్కటీ జరగలేదు. వాన పడ్డ రోజుల్లోనూ లేవు. ప్రతి కార్డు మీదా ‘కారు రిపేరు’ అని తండ్రి చేతిరాతే ఉంది. మెకానిక్కుకి ఇచ్చిన డబ్బు మాత్రం ఖర్చుల్లో ఎక్కడా కనబడలేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తప్పు పట్టుకున్నానన్న గర్వం కూడా అందులో కొంత లేకపోలేదు. వంటింట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తున్న తండ్రి ముందుకెళ్ళి నిలబడింది.

“జనం దగ్గర డబ్బు తీసుకుని రిపేరని తిప్పుకుంటున్నావా నాన్నా? ఇది మోసం కాదూ?”

మాస్టారి చెయ్యి ఆగింది. కత్తి కింద పెట్టి, చేత్తో తడిమి గిన్నె పక్కకి జరిపారు. ఆ తడమడం ఆమె అప్పుడే మొదటిసారి చూసింది.

“కనబడటం లేదమ్మా.”

“ఏం కనబడటం లేదు?”

“పక్కల నుంచి వచ్చేవి. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. సందె పడితే అదీ లేదు. ఆ కుర్రాణ్ణి పెట్టుకుంటే బాకీ పాఠాలు వాడి చేత చెప్పించి, నీకు తెలియకుండా గట్టెక్కుదామనుకున్నాను.”

అనేసిన మాట వెనక్కి రాదు. ఆమె తండ్రి పక్కన నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చింది.

కంటి డాక్టరు నీటికాసులన్నాడు, ఇంగ్లీషులో గ్లకోమా అంటారట. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని మందులతో కొన్నాళ్ళు కాపాడుకోవడమేననీ చెప్పాడు. ఏడాది ముందు వచ్చుంటే బాగుండేదన్నాడు.

బ్యాంకు అప్పు మాట ఇక ఎవరూ ఎత్తలేదు. కారు వచ్చినకాడికి అమ్మేశారు. ఫీజులు వెనక్కివ్వడం మొదలుపెడితే ఆ డబ్బు సగానికే సరిపోయింది. కట్టించుకున్న ఫీజులు అద్దెకీ, పెట్రోలుకీ, బీమాకీ ఎప్పుడో కరిగిపోయాయి. మిగతా సగం కూతురు తన జీతంలోంచి నెలనెలా కడుతూ వచ్చింది. కొందరు పోనీలెమ్మన్నారు. కొందరు మెట్లెక్కి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టారు. లోపలికి వెళ్ళమని ఆమె ఎంత బతిమాలినా మాస్టారు బెంచీ మీంచి లేచేవారు కాదు. “తీసుకున్నది నేను, వినాల్సిందీ నేనే” అనేవారు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగారు. “నువ్వా లెక్క మార్చకపోయుంటే ఇంకో ఏడాది నడిచేది కదూ?”

“నడిచేది నాన్నా.”

“ఈలోగా ఎవరి పిల్లో, పిల్లవాడో కారు కింద పడేవాళ్ళు.”

ఆమె లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టింది.

“సరిగ్గానే వేశావులే” అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆఫీసులో ఆడిటరు ఆమె పని మెచ్చుకుని జీతం పెంచాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

బాకీలన్నీ తీరిపోయాయి. ఇప్పుడు నెలకోసారి ఇద్దరూ కంటాసుపత్రికి బస్సులో వెళతారు. నేర్పే కారులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఆ అలవాటు కొద్దీ మొదట్లో మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు బస్సు నేలని గట్టిగా నొక్కేది. అది చూసి కూతురికి నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

మొన్న డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. బస్సులో జనమంతా ముందుకి తూలారు. మాస్టారు కూడా అందరిలాగే తూలి, ముందు సీటు పట్టుకున్నారు. ఆయన కుడికాలు మాత్రం నేలని నొక్కకుండా ఉన్నచోటే ఉంది.

“ఏమైందమ్మా?” అన్నారు.

ఆ కాలి వంకే చూస్తున్న కూతురు చూపు తిప్పుకుంది. “ఏం లేదు నాన్నా, ఎవరో అడ్డం వచ్చారు” అంది.