లైన్‌మన్ రత్తయ్య నడుం బెల్టు

భవానీపురంలో లైన్‌మన్ రత్తయ్య ఇల్లేదని అడిగితే ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. అదిగో, ఆ మేడ మీద రెండో అంతస్తు వరండా. వరండాలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషే రత్తయ్య. నడుముకి నొప్పికి కట్టుకునే నల్లటి బెల్టు ఉంటుంది. అలాంటి బెల్టు ఎవరైనా చొక్కా లోపల కట్టుకుంటారు. ఈయన మాత్రం చొక్కా మీదనుంచి కట్టుకుంటాడు, రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా కనబడాలి గనక. ఎందుకంటారా? ఆ నడుముకి ఏ రోగమూ లేదు. యాభై అయిదేళ్ళు వచ్చినా రాయిలా ఉంది.

ఈ సంగతి తెలిసినవాడు రత్తయ్య ఒక్కడే. ఇద్దరు ముగ్గురు డాక్టర్లకి తెలుసనుకోండి, వాళ్ళు భవానీపురం వచ్చి చాటరు కదా. కట్టుకున్న భార్య రామతులసికి మాత్రం అస్సలు తెలీదు.

ఇరవై ఎనిమిదేళ్ళు స్తంభాలెక్కాడు. మామూలు పని కాదది. ఎండాకాలం ఇనప స్తంభం పట్టుకుంటే అరచేతులు బొబ్బలెక్కేవి. గాలివాన వస్తే ఊరంతా తలుపులు వేసుకునేది, ఆయన తాడు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. పైన బెల్టుకి వేలాడుతూ గంటలకి గంటలు బరువైన తీగలు లాగి బిగించాలి. పాదాలు కాయలు కాచాయి, భుజాలు గట్టిపడ్డాయి. "రత్తయ్య గారు వచ్చారు, ఇంక ఫర్వాలేదు" అని జనం అంటుంటే ఆ మాట కోసమే మళ్ళీ ఎక్కేవాడు. తనంత ధైర్యం ఈ సెక్షన్‌లో ఎవడికీ లేదని ఆయన గట్టి నమ్మకం.

ఒకరోజు పొద్దున ఒక ఫంక్షన్ హాలు వెనక తీగ తెగింది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి కరెంటు ఆపించారు. ఎక్కాల్సిన వంతు రత్తయ్యది. కిందటి రోజంతా పనిచేసి ఒళ్ళు బద్ధకంగా ఉంది, బండి దగ్గర టీ కూడా చేతికొచ్చింది. "నడుం పట్టేసిందిరా, నువ్వెక్కు" అన్నాడు యేసుకుమార్‌తో. నడుం పట్టలేదు, పాడూ లేదు. యేసుకుమార్ ఇరవై ఏళ్ళుగా జోడీ పనివాడు, అన్న మాటకి ఎదురు చెప్పే రకం కాదు. గబగబా ఎక్కేశాడు. అదే సమయానికి హాల్లో ఎవరో జనరేటర్ వేశారు. మెయిన్ స్విచ్చి దించకుండా వేస్తే ఆ కరెంటు వెనక్కి తీగలోకే వస్తుంది. అంతే. రత్తయ్య చేతిలో టీ గ్లాసు ఉండగానే యేసుకుమార్ పైన బెల్టుకి వేలాడుతూ ప్రాణం వదిలాడు.

తరవాత ఆరు నెలలు రత్తయ్య ఏమీ కానట్టే తిరిగాడు. నిద్ర లేదు, తిండి సయించదు, ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒకరోజు మిట్టమధ్యాహ్నం, స్తంభం మీద సగంలో ఉండగా, చేతులు బిగుసుకుపోయాయి. గుండె గొంతులో కొట్టుకుంటోంది. పైకి పోలేడు, కిందికి రాలేడు. స్తంభాన్ని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. కింద జనం పోగయ్యారు, ఏమైందన్నా అని పనివాళ్ళు అరుస్తున్నారు. భయమేస్తోందని ఎలా చెప్తాడు? నోటికి ఏ మాటొచ్చిందో తెలుసా? "నడుం పట్టేసింది." ఆ మాట తన చెవినే పడేసరికి స్తంభం మీదే వాంతి చేసుకున్నాడు.

నిచ్చెన బండి తెచ్చి దించారు. ఎవడో ఫోన్లో వీడియో తీశాడు. డ్యూటీలో నడుం విరగ్గొట్టుకున్న మన లైన్‌మన్‌కి దండాలు అని రాసి వీధి గ్రూపులో పెట్టాడు. వరసగా దండాలే దండాలు. రామతులసి అది చూసి కళ్ళు తుడుచుకుంది. అక్కడే నిజం చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

స్కానింగులో వెన్నులో ఏమీ కనబడలేదు. ఎముకల డాక్టరు మనసు డాక్టరు దగ్గరికి పొమ్మని చీటీ రాసిచ్చాడు. ముఖానికి చేతిరుమాలు కట్టుకుని వెళ్ళాడు రత్తయ్య, తెలిసినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని. ఆ డాక్టరమ్మ నెమ్మదిగా అన్నీ అడిగింది. ఇదీ జబ్బే, సిగ్గుపడే పని లేదు, మందులున్నాయి అంది. మందులు వేసుకుంటే నిద్ర పట్టింది గాని స్తంభం దగ్గరికి వెళ్తే చేతులు మళ్ళీ బిగుసుకునేవి. చివరికి మెడికల్ బోర్డు ఈ ఉద్యోగానికి పనికిరాడని రాసిచ్చింది. ఇంకా కొన్నేళ్ళ సర్వీసు ఉండగానే ఇంటికి పంపారు. ఎందుకు పనికిరాడో ఆ కాగితంలో ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. దాన్ని మడిచి బీరువాలో చీరల కింద పరిచిన పాత పేపరు అడుగుకి తోసేశాడు. డిస్కు అరిగిందట అని భార్యకి చెప్పి, మర్నాడే బెల్టు కొన్నాడు.

వీడ్కోలు సభలో శాలువా కప్పారు. నడుం డిపార్ట్‌మెంటుకి ధారపోసిన మనిషి అని, బోర్డు కాగితం చదవని ఆఫీసరు పొగిడాడు. యేసుకుమార్ భార్య మార్త అప్పటికే ఆ ఆఫీసులో అటెండరుగా చేరింది, భర్త పోయినందుకిచ్చిన ఉద్యోగం. ఆవిడ పరిగెత్తుకొచ్చి కుర్చీ లాగి వేసింది. "నిలబడకండన్నయ్యా, నడుం" అంది. రత్తయ్య కూర్చున్నాడు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. చీలలేదు, అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంక ఇంటి సంగతి. మేడకి లిఫ్టు లేదు, నలభై రెండు మెట్లు. మంచినీళ్ళ ప్లాంటు వాళ్ళు ఇరవై లీటర్ల టిన్ను గేటు దగ్గర దించి పోతారు. అంతకుముందు రత్తయ్య రెండు చేతులా రెండు టిన్నులు పట్టుకుని ఎక్కేవాడు. ఇప్పుడు రామతులసి ఎక్కుతోంది. యాభయ్యో పడిలో పడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులు. నాలుగు మెట్లకోసారి టిన్ను దించుతుంది. ధబ్ మని చప్పుడు, తరవాత ఆయాసం, మళ్ళీ ధబ్. ఆ చప్పుడు రత్తయ్యకి గుండెల మీద పడేది. లేచి గుమ్మం దాకా వెళ్ళేవాడు. బెల్టు తడుముకుని తిరిగొచ్చి కూర్చునేవాడు. ఛీ, నువ్వూ ఒక మగాడివేనా అని తనని తాను తిట్టుకునేవాడు. తిట్టుకుంటే టిన్ను పైకి వస్తుందా? రాత్రి భోజనాలయ్యాక ఆవిడే నడుం బిళ్ళలంటూ మాత్ర తీసి చేతిలో పెట్టేది. భయానికిచ్చిన మాత్ర అది. మన వీధి మందుల షాపులో కొంటే తెలిసిపోతుందని బస్సెక్కి వన్‌టౌన్ వెళ్ళి తెచ్చుకునేవాడు.

ఇలా ఏడాదిన్నర గడిచింది.

ఆ శ్రావణమాసంలో, శుక్రవారం పూజకని ఆవిడ పొద్దున్నే టిన్ను తీసుకుని ఎక్కుతోంది. ధబ్ మంది. ఆయాసం వినబడలేదు. ఈసారి ఒక కేక, దాని వెనకే టిన్ను దొర్లుతున్న చప్పుడు. రత్తయ్య ఒళ్ళు తుడుచుకుని ఇంకా బెల్టు కట్టుకోలేదు, అది కుర్చీకి వేలాడుతోంది. ఒక్క పరుగున వెళ్ళాడు. మెట్లనిండా నీళ్ళు. ఆ నీళ్ళలో రామతులసి, కాలు పక్కకి తిరిగిపోయి.

ఏమీ ఆలోచించలేదు. రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. డెబ్బై కిలోల మనిషిని పసిపిల్లలా ఎత్తుకుని, తడి మెట్ల మీద ఎక్కడా ఆగకుండా దిగిపోతున్నాడు. ఆవిడ నొప్పికి పళ్ళు బిగించి కూడా ఒకటే మాట అంటోంది. "దింపండి, దింపండి, మీ నడుం." కింది అంతస్తులో ఉండే జైతూన్ బీ తలుపు తీసి చూసి, పక్కకి తప్పుకుంది. గేటు దగ్గర ఇస్త్రీ బండి దగ్గరున్నవాళ్ళూ చూశారు. సగం మెట్లు దిగేసరికి రామతులసి నోరు ఆగిపోయింది. ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. కింద ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఎముక విరిగిందన్నారు. కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టాక, పక్కన ఎవరూ లేకుండా చూసి అడిగింది.

"మీ నడుం ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి నేను తీసిచ్చే బిళ్ళలు?"

"భయానికి" అన్నాడు. ఆ ఒక్క మాట బయటపడ్డాక మిగతాదంతా దానంతటదే వచ్చేసింది. స్తంభం మీద వాంతి, డాక్టరమ్మ, బీరువాలో కాగితం, అన్నీ చెప్పాడు. చివరికి టీ గ్లాసు సంగతి, ఆ రోజు వంతు ఎవరిదన్న సంగతి కూడా చెప్పాడు. చెప్తున్నంతసేపూ మంచం కోడు వైపు చూస్తూనే ఉన్నాడు.

రామతులసి కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడినా బాగుండేది. "భయమేస్తోందంటే నేనేమన్నా నవ్వేదాన్నా?" అంది. "దానికన్నా నా చేత నీళ్ళు మోయించడం మీకు తేలికైందా?" రత్తయ్యకి తేలికే అయింది. అదే నిజం. ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకుంది. కాసేపటికి అటు తిరిగే, "మార్తకి తెలుసా?" అని అడిగింది. తెలీదన్నాడు. "నాకొక్కదానికి చెప్తే సరిపోదు" అంది.

మూడో రోజు ఇంటికి తెచ్చాడు. నలభై రెండు మెట్లూ ఎత్తుకునే ఎక్కాడు, పట్టపగలు, అందరూ చూస్తుండగా. జైతూన్ బీ ఉండబట్టలేక నడుం తగ్గిందా భాయ్ అని అడిగింది. రామతులసి ఆయన వైపు చూసింది గాని ఆదుకోలేదు. "నడుం కాదమ్మా, నాకొచ్చింది మనసుకి జబ్బు" అన్నాడు రత్తయ్య. చెవులు కాలిపోయాయి. జైతూన్ బీ అయ్యో అని, అన్నం వండి పంపనా అని అడిగింది. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇంతకేనా అనిపించి ఇంకా సిగ్గేసింది.

మర్నాడు టిన్ను తెచ్చిపెట్టి, బెల్టు లేకుండా కరెంటాఫీసుకి వెళ్ళాడు. ఆవరణలో కొత్త స్తంభాలు పేర్చి ఉన్నాయి. వాటి పక్కనుంచి నడుస్తుంటే అరచేతులు చెమట పట్టాయి. మార్త వరండాలో ఫైళ్ళు సర్దుతోంది. ఆయన్ని చూడగానే మొహం విప్పారింది, పరిగెత్తుకెళ్ళి కుర్చీ లాగింది.

"నిలబడకండన్నయ్యా, నడుం" అంది.

రత్తయ్య కూర్చోలేదు.

"నించునే చెప్తానమ్మా. నా నడుం బాగానే ఉంది. నా వంతుకి యేసుకుమార్‌ని ఎక్కమన్న రోజు కూడా బాగానే ఉంది."

మార్త చెయ్యి కుర్చీ మీద అలాగే ఆగిపోయింది. ఆ మాట ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అంతసేపూ రత్తయ్య తల వంచుకుని నిలబడే ఉన్నాడు.