వీసా ఉత్తరంలో నా మొగుడు

కెనడాలోని సార్నియాలో బస్సులు తక్కువ. అందుకని కారున్నవాడే అక్కడ పెద్దమనిషి, కారున్నవాడే లాయరు. మా చర్చికి వచ్చే ఒక అంకుల్ అలాగే లాయరయ్యాడు. మన కాలేజీ పిల్లలు ఊరినిండా దిగిన రోజులవి, బేస్‌మెంటుకు ఎనిమిదిమంది. అందరి వీసా కాగితాలూ ఆయనే చూసేవాడు. చూడటమంటే ఏముంది, భోజనాల వేళకు వచ్చి, చేపల పులుసు ముందు కూర్చుని ఫోను గీకడం.

నేను విజిటర్ వీసా మీద వెళ్ళాను. నా కూతురు అక్కడి కాలేజీలో చదువుతోంది, దానికి ఏడు నెలల పిల్ల. అల్లుడికి గోదాములో షిఫ్టులు. నా ఆరు నెలల గడువు పొడిగించకపోతే నేను విమానం ఎక్కాలి, అది చదువు మానాలి. అంతే సంగతి.

నేనక్కడ ఊరికే కూర్చోలేదు. పాలకొల్లులో నాకు నాలుగు మిషన్ల టైలరింగ్ షాపుంది. పొద్దున్నే పిల్లకు పాలు పడుతూ, వీడియోలో షాపు అమ్మాయిలకు కటింగ్ చెప్పేదాన్ని.

"ఆ షాపు మాట ఎత్తకండి సిస్టర్," అన్నాడు అంకుల్. "విజిటర్ పని చేయకూడదు."

"బట్ట అక్కడిది, కుట్టేది అక్కడ. ఇక్కడ నేను ఎవరి దగ్గర పనికి చేరానండీ?"

"మీకు తెలీదులెండి. నా దగ్గర పాసైన లెటరుంది. అదే పెట్టేద్దాం."

పాసైన లెటర్. అక్కడి మనవాళ్ళకు అదొక మంత్రం. ఒకరికి పని జరిగిందంటే ఆ ఉత్తరం వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది. పేరూ పాస్‌పోర్టు నంబరూ మార్చి అందరూ అదే పంపుతారు. కొలతకని ఆది జాకెట్టు తెచ్చినా మేం ఒకసారి టేపు పెట్టి చూస్తాం, ఒళ్ళు మారిందేమోనని. ఇంత చదువుకున్నవాళ్ళకు ఆ మాత్రం జ్ఞానం లేదు.

నేను తెలుగే కూడబలుక్కుని చదువుతాను, ఇంక ఇంగ్లీషెక్కడ. పంపేముందు చదివి చెప్పమన్నాను. కూతురు విసుక్కుంటూ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా."

"చదవవే."

"మా ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, బీపీ ఉంది, నా కోసం ఎదురు చూస్తున్నారు, కాబట్టి తప్పకుండా తిరిగి వెళ్తాను... అని ఉంది."

మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. పోయి తొమ్మిదేళ్ళు.

అంకుల్ ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా, "ఉండనివ్వండి సిస్టర్. భర్త ఉంటే కేసు స్ట్రాంగ్," అన్నాడు.

"వచ్చేటప్పుడు భర్త లేడని రాసిచ్చాను. అదీ వాళ్ళ దగ్గరే ఉంటుంది. మళ్ళీ పెళ్ళెప్పుడైందని అడిగితే మిమ్మల్ని చూపించనా?"

అల్లుడు నవ్వు ఆపుకోలేక పిల్లనెత్తుకుని వంటింట్లోకి పోయాడు.

ఆ రోజే నేను చెబుతుంటే కూతురు ఇంగ్లీషులో రాసింది. మొగుడు లేడు. నాలుగు మిషన్లున్నాయి. ఆ పని ఫోనులో చూసుకుంటాను. ఇక్కడ ఎవరి దగ్గరా పనిచేయను. నేను పోకపోతే షాపు మూతపడుతుంది, కాబట్టి దీని చదువవగానే పోతాను. షాపు లైసెన్సు కూడా జతచేశాం.

ఉండొచ్చని కాగితం వచ్చింది, కానీ నా పాస్‌పోర్టు గడువు తీరే రోజు దాకానే. అది దాటి ఇవ్వరట. ఇన్ని భోజనాలు చేసిన మనిషి ఆ ముక్క ఒక్కసారి చెప్పలేదు. కూతురి ఆఖరి పరీక్ష అయ్యాక ఇంకా పదకొండు రోజులు మిగిలాయి, బతికిపోయాం.

ఆ ఆదివారం చర్చిలో ఆయన లేచి, తన లెటర్ వల్లే ఒక సిస్టర్‌కు గడువు దొరికిందని సాక్ష్యం చెప్పాడు. నిలబడి నిజం చెబుదామనుకున్నాను. పిల్ల నా ఒళ్ళో నిద్రపోతోంది. ఆయన కోసం దాన్ని లేపడం దండగ.