పన్నెండు నీలం టోపీలు

మొన్న ఆదివారం మా తెలుగువాళ్ల పిక్నిక్ బస్సు కదలబోతుంటే, ఏర్పాట్లన్నీ చూసే ఆవిడ వచ్చి, "అన్నయ్యగారూ, మీరైతే తప్పు పోదు, ఓసారి తలలు లెక్కపెట్టండి. నలభై రెండు రావాలి" అంది. నేను పేర్ల కాగితం అడిగాను. "లెక్కల మనిషికి కాగితం ఎందుకండీ?" అంటే బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, కాగితం చేతికి వచ్చేదాకా బస్సుని కదలనివ్వలేదు.

ఈ అలవాటు నాకు రెండువేల ఐదులో, ఇక్కడే మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో ఉండగా పట్టుకుంది. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. దగ్గర్లో ఖాళీ ఉన్న కిండర్‌గార్టెన్ ఒక్కటే దొరికింది, అది యూదులది. మనల్ని చేర్చుకుంటారా అని మా ఆవిడ సందేహించింది. చేర్చుకోవడమే కాదు, ప్రతి శుక్రవారం జడలా అల్లిన రొట్టె ముక్క ఒకటి మాకోసం పిల్ల చేతికిచ్చి పంపేవారు. నాది గోదాములో సరుకు లెక్కచూసే ఉద్యోగం. ఇంటర్లో లెక్కలు తప్పి, ఆ కసితో సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మెట్లెక్కితే మెట్లు, బస్సు కోసం నిలబడితే పోయే కార్లు, ఏదో ఒకటి లెక్కపెట్టకుండా ఉండలేను.

సుక్కోత్ అని వాళ్లకో పండగ. పెరట్లో పందిరి వేసి, పైన ఆకులు కప్పి, అందులో కూర్చుని భోంచేస్తారు. ఆ ఆకుల కోసం ఇద్దరు టీచర్లు, బడి నీలం టోపీలు పెట్టిన పన్నెండుమంది పిల్లల్ని పక్క పార్కుకి తీసుకెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. గేటు దగ్గర వేలు చూపిస్తూ "వన్, టూ" అన్నానో లేదో, జుట్టంతా నెరిసిన పెద్ద టీచర్ నా వేలు పట్టుకుని కిందికి దించింది.

"పిల్లల్ని మేం అంకెలతో లెక్కపెట్టం."

"మరి అందరూ ఉన్నారని ఎలా తెలుస్తుంది?"

"పాడతాం."

ఒక్కో పేరూ పాటలో పెట్టి పిలుస్తుంది. పిలిచిన పిల్ల "హినేని" అంటుంది, వాళ్ల భాషలో ఇదిగో ఉన్నాను అని. మా నాయనమ్మ వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేది కాదు, లాభం అనేది. ఇదీ అలాంటిదే అనుకుని తలూపాను. లోపల మాత్రం, ఎంత టైం దండగ అనుకున్నాను.

కొమ్మలు ఏరడం అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతోనే నీలం టోపీలు లెక్కపెట్టాను. పన్నెండు. మళ్లీ పన్నెండు. "అందరూ ఉన్నారు, పోదాం పదండి" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు, పాట ఎత్తుకుంది. తొమ్మిదో పేరు మా అమ్మాయిది. జవాబు రాలేదు. అప్పుడు చూశాను. పన్నెండో టోపీ కింద ఉన్నది ఉయ్యాలల దగ్గర్నుంచి అలాంటి టోపీతోనే వచ్చి చేరిన ఎవరి పిల్లో.

పార్కుకి ఒకవైపు వాగు, ఒకవైపు బస్సులు తిరిగే రోడ్డు. నేను వాగువైపు పరిగెత్తాను. నూట పది అడుగులు. నావి నూట పదైతే నాలుగేళ్ల పిల్లకి ఎన్ని, ఎన్ని నిమిషాలు? బుర్ర లెక్క వేస్తూనే ఉంది, ఆపుదామంటే ఆగదు. నీళ్లలో ఏదో నీలంగా కనబడింది. గట్టు దిగి చూస్తే, అది ప్లాస్టిక్ సంచి.

పెద్ద టీచర్ పదో పేరుకి పోలేదు. మా అమ్మాయి పేరు దగ్గరే ఆగి, ఆ ముక్కే గట్టిగా పాడుతూ పార్కు చుట్టూ నడిచింది. చిన్న టీచర్, ఆమె చేతులు పట్టుకున్న పిల్లలు కూడా అందుకున్నారు. ఎన్నిసార్లు పాడారో నేను లెక్కపెట్టలేదు. చివరికి మనిషెత్తు ఫ్లాక్స్ పొదలోంచి సన్నగా, కాస్త విసుగ్గా వినిపించింది: "హినేని!"

పొడుగాటి ఆకుల మధ్య తనకో పందిరి కట్టుకుని కూర్చుంది. "నాన్నా, మై హౌస్. యూ కెన్ కమ్" అంది. నేను దూరాను. తడిసిన నా చొక్కా చూసి చలేస్తోందా అని అడిగింది. బయటికొచ్చాక పెద్ద టీచర్ కోప్పడలేదు. "పన్నెండు సరిగ్గానే వచ్చింది కదూ?" అంది, అంతే.

మొన్న బస్సులో నలభై ఒక్క పేర్లు చదివి, ఆఖర్న మా అమ్మాయి పేరు చదివాను. వెనక సీట్లోంచి, ఫోన్‌లోంచి తలెత్తకుండానే "హినేని, నాన్నా" అంది. అది జరిగి ఎన్నేళ్లయిందో వేళ్ల మీద చెప్పగలను. ఆ పొద పలికేదాకా ఎంతసేపు పట్టిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.